ఇతరాల్లో పడేసినవి

తాను వెయ్యని ఓటు తన పేరు మీద పడి ఉండటం తహసీన్ పొద్దున రాగానే చూసింది.

నరసరావుపేటలో టైర్ల షాపు పైన ఆ గది. పధ్నాలుగు మంది పని చేస్తారు. ఎవరెవరో రాసి, ఊరికే వాడుకోమని జనానికి వదిలిన ప్రోగ్రాములన్నీ ఒక బహిరంగ రిజిస్ట్రీలోకి వచ్చి పడతాయి. ఏది ఏ అరలోకి పోవాలో వీళ్లు తేల్చాలి. ముగ్గురు ఓటేస్తే ఖాయం. వేసినవాళ్ల పేర్లు లోకమంతా చూడొచ్చు. వినేవాళ్లకు చిన్న సంగతే. కానీ అర తప్పిన వస్తువు ఉన్నా లేనట్టే.

ఇవాళ 'చెత్త' అరలో పడింది 'దుమ్ముకొలత'. పిడుగురాళ్ల సున్నపు బట్టీల ఆడవాళ్ల కోసం పాలిటెక్నిక్ పిల్లలు రాశారు. బట్టీ దగ్గర చిన్న పెట్టె తగిలిస్తే గాలిలో దుమ్మెంతో ఫోన్‌లో కనిపిస్తుంది. ఫోన్ ఎర్రబడితే ఆడవాళ్లు తట్టలు దించేస్తున్నారు. రేపు బట్టీలకు లేబరాఫీసరు వస్తున్నాడు. రిజిస్ట్రీలో లేని కొలతను నమ్మనని ముందే చెప్పాడు. చెత్తలో ఉన్నది ఈ సాయంత్రం ఆరింటికి చెరిగిపోతుంది.

కింద మూడు పేర్లు: తహసీన్, రేవతి, ఐజాజ్. ముగ్గురూ ఆ ఓటు వెయ్యలేదు. అందరి పాస్‌వర్డులూ కాంట్రాక్టరు వెంకటేశ్వర్లు జేబులో ఉంటాయి. ఆయన బావమరిదికి పిడుగురాళ్లలో నాలుగు బట్టీలు.

"మా పేర్లతో మీరెట్టా నొక్కుతారు సార్?" అని ఆయన్నే అడిగింది తహసీన్.

"కుర్చీ నాది, కరెంటు నాది, ఏసీ నాది. ఒక్క పేరు నీదైతే ఏం జేసుకుంటావమ్మాయ్?"

మధ్యాహ్నానికి బట్టీ ఆడవాళ్లు ఆరుగురు మెట్లెక్కి వచ్చారు. ముందు కుల్సుం, తహసీన్‌కు ఖాలా, పిన్ని వరస. కనుబొమల్లో సున్నం, మాటకు ముందు దగ్గు.

"ఏమే, మా ఊపిరి తీసకెళ్లి చెత్తలో పోశావంట?"

"నేను కాదు ఖాలా. నా పేరుతో ఆయన."

"అంతకు ముందు ఏడుంది? పక్క బట్టీలోళ్లు నెల రోజులు ఎతికారు. కానరాలా."

తహసీన్ పాత నమోదు తెరిచింది. అంతకు ముందు 'ఇతరాలు' అరలో ఉంది. తెలుగులో రాసి ఉన్నదేదైనా చదవకుండా అందులోకి తోసెయ్యడం ఆ గది అలవాటు. నిమిషానికి రెండు తేల్చాలి మరి.

"అది మాత్రం నేనే," అంది. "చదవలా."

"తెలుగొచ్చి కూడానా?"

పధ్నాలుగు తలలూ వంగాయి. ఆ తప్పు ఒక్కరిది కాదు.

"పాస్‌వర్డులు మార్చేసి, దీని అర మారుద్దాం," అంది రేవతి.

"ఉద్యోగం పోద్ది," అన్నాడు ఐజాజ్. "మా ఇంట్లో సంపాదించేది నేనొక్కణ్ణే."

"పోద్ది," అంది రేవతి. "ఉంటే మాత్రం ఏంది? రేపు నీ పేరుతో ఇంకోడి గొంతు నొక్కుతాడు."

అందరూ పాస్‌వర్డులు మార్చారు. 'కార్మికుల రక్షణ' అరకు ముగ్గురు చాలు, తొమ్మిది మంది ఓటేశారు. అంతలో వెంకటేశ్వర్లు మెయిను దించేశాడు. మిగిలినవాళ్లు మెట్ల మీదికొచ్చి ఫోన్లు తీశారు. అందరికన్నా ఆఖరున, తిట్టుకుంటూ, ఐజాజ్ నొక్కాడు.

ఐదింటికి పోలీసు జీపు వచ్చింది.

"ఆఫీసు ఆక్రమించారంట. మొదలెట్టింది ఎవరు?" అన్నాడు ఎస్సై.

"పేర్లన్నీ అందులోనే ఉన్నయ్ సార్," అంది తహసీన్. "మొదటిది నాది."

మహిళా కానిస్టేబుల్ ఆమెను ఎక్కించింది. ఎవరూ ఇంటికి కదల్లేదు. బట్టీ ఆడవాళ్లు, గది వాళ్లు కలిసి మెట్ల మీదే కూర్చున్నారు. మెట్ల మీంచి రేవతి గొంతు జీపులో ఉన్న తహసీన్‌కు వినపడుతోంది. ఫోన్‌లో 'ఇతరాలు' తెరిచి చదువుతోంది, నాదెండ్ల రైతుబిడ్డ ఎవరో రాసినది:

"పురుగుమందు కొట్టేటప్పుడు గాలి ఎటు తోలుతందో చెప్పే..."

"ఆగమ్మా," అంది అక్షరం రాని కుల్సుం. "ఇతరాలెట్టా ఐద్దది? మందు కొట్టేవాడి పానం గదా. మా పక్కనే పెట్టు. ఊఁ, ఇంకోటి చదువు."