కొట్టం గుమ్మంలో ఉప్పు

ఉల్లిపాయలు కుళ్లుతున్నాయని అక్క ఫోన్ చేసేసరికి సైంటిస్టమ్మ ఉన్నపళంగా బయల్దేరింది. ఆ పేరు బావ వెక్కిరింతగా పెట్టిందే. ఉల్లి నిల్వ మీద ఆమె చేసిన పరిశోధనను మొట్టమొదట నమ్మింది అక్క. వద్దన్న మొగుడి నోరు మూయించి, పంటంతా చెల్లెలు చెప్పినట్టే కొట్టంలో పోయించింది. గుట్ట అడుగున చిల్లుల గొట్టం, దాని చివర ఫ్యాను. పొడిగాలి ఉన్నప్పుడే వేయాలి.

గాలిలో తేమ చూపే మీటరు రైతు ఇంట్లో ఎక్కడుంటుంది? బుర్ర బద్దలు కొట్టుకుని ఆమె ఉప్పును పట్టుకుంది. గుమ్మంలో గిన్నెడు ఉప్పు పెట్టమంది. చెమ్మగిల్లితే ఫ్యాను ఆపాలి, పొడిగా ఉంటే వేయాలి.

ఆమె వెళ్లేసరికి కొట్టం కంపు కొడుతోంది. బావ ముఖం మాడ్చుకుని నిలబడ్డాడు.

"రా మరదలా. సాయంత్రం షావుకారు లారీ వస్తోంది. ఎంతిస్తే అంతకి తోలేస్తా."

అక్క మొహం తిప్పుకుంది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

"ముసురులో ఫ్యానెందుకు వేశావు బావా?"

"రోజూ పొద్దున్నే చూసే వేశా. ఉప్పు పొడిగానే ఉందిగా!"

వారమంతా ముసురు పట్టి ఉంటే ఉప్పు పొడిగా ఉండటమేమిటి? ఆమె తెల్లమొహం వేసింది. ఇంతలో అక్క అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నేనే మారుస్తున్నానమ్మా. తెల్లారేసరికి నీరుకారిపోయి అసహ్యంగా ఉంటోంది. రోజూ గిన్నె కడిగి కొత్త ఉప్పు పోస్తున్నా."

"కొంప ముంచావు కదమ్మా!" అన్నాడు బావ.

"బాగుంది! అదెందుకో నాకెవరన్నా చెప్పి చచ్చారా?"

నిజమే, ఎవరూ చెప్పలేదు. ఇంట్లో తుడిచే, కడిగే మనిషికి చెప్పాలని సైంటిస్టమ్మకు తట్టనే లేదు. సిగ్గుతో తల వాలిపోయింది.

గుట్ట అడుగు నుంచి ఓ ఉల్లిపాయ లాగి కోసింది. తొక్కంతా బూజు. లోపల మాత్రం గట్టిగా, తెల్లగా ఉంది. ఇంకోటి కోసింది. అదీ అంతే. అటువైపు నుంచి తీసినవీ అంతే. మెత్తబడినవి మహా అయితే ఓ తట్టెడు. కంపంతా వాటిదే. ముసురు ఆ పొద్దుటే వదిలి, బయట ఎండ కాస్తోంది.

"కుళ్లినవి ఏరేస్తే చాలు బావా. మిగతావి ఈ గాలికి ఆరిపోతాయి."

అక్క గోనెసంచి మీద కూలబడి "హమ్మయ్య" అంది. "నీ మాట విని ఇంటిల్లిపాదినీ ముంచేశాననుకున్నానే." చెల్లెలి చెయ్యి పట్టుకుని మరి వదల్లేదు.

"అత్తయ్యగారూ, ఉప్పు సంగతి ఈ ఇంట్లో ముందు తెలిసేది మీకే. ఇకనుంచి ఫ్యాను మీ చేతిలోనే" అంది సైంటిస్టమ్మ.

బావ ఓ ఉల్లిపాయను నొక్కి నొక్కి చూశాడు. తర్వాత ఫోన్ తీశాడు.

"షావుకారూ, లారీ పంపకండి."