కోల్డమ్ దారిలో హద్దురాయి

పాలు పితకడం అయ్యాక థర్న్‌ఫీల్డ్ ఆడవాళ్ళు వాకిట్లో నిలబడి ముందు మబ్బు చూసేవారు, తర్వాత హద్దురాయి ఎక్కడుందో చూసేవారు. కోల్డమ్ దారిలో ఉండే ఆ రాయి ఒకరోజు కంచె పక్కన ఉండేది, మర్నాడు బార్లీ చేలో ఉండేది. అది ఎక్కడుంటే అక్కడిదాకా మా పారిష్, అంటే మా చర్చి కింది ఊరు; అది దాటితే కోల్డమ్ వాళ్ళది. ఏటా వసంతంలో పాదిరిగారి వెనక ఊరంతా హద్దుల వెంట తిరిగి, రాళ్ళను బెత్తాలతో తట్టి, బీరు తాగి వచ్చేవాళ్ళం. ఆ ఏడు మాత్రం, ఊరి డబ్బుతో పేదల్ని సాకాల్సిన పేదల అధికారి ఒబాడయా ప్లెడ్జర్ బీరు దండగని ఆ తిరుగుడు మానిపించాడు.

మనిషి చెడ్డవాడని నేననను. ఉత్త పిసినారి. అలాంటివాడి చేతికి పేదల్ని అప్పగించిన బుద్ధితక్కువ మాది.

డోర్కస్ పాల పనికి పొరుగూరి నుంచి వచ్చిన పిల్ల. పెళ్ళి కాలేదు, నెలలు నిండాయి. అలాంటి బిడ్డ ఏ పారిష్‌లో పుడితే ఆ పారిష్ వాళ్ళే సాకాలని చట్టం. అందుకే నొప్పులు మొదలయ్యాయని తెలియగానే ఒబాడయా బండి కట్టించాడు.

"అయ్యా, కాన్పయ్యాక నేనే పోతాను. ఇప్పుడు కదిలిస్తే చచ్చిపోతాను," అని అతని కాళ్ళు పట్టుకుంది.

"చద్దువుగానిలే. హద్దు దాటాక," అన్నాడు.

మిట్టమధ్యాహ్నం. దారిలో ఒక్క పిట్ట కూయలేదు. రాయి రెండు వందల గజాల్లో కనబడింది. బండివాడు ఈనస్ గంటసేపు తోలాడు. రాయి ఇంకా రెండు వందల గజాల్లోనే ఉంది. కోల్డమ్ చర్చి గోపురం కూడా దగ్గరికి రాలేదు.

"తొందరగా తోలరా."

"గుర్రం నడుస్తూనే ఉందండీ. అదీ నడుస్తోంది," అన్నాడు ఈనస్.

ఒబాడయా విసుక్కుని దిగి నడిచాడు. ఈసారి రాయి ఆగింది. దాన్ని దాటి అవతల నిలబడి, "ఇదిగో, ఇంతే కదా. తోలుకురా," అని కేకేశాడు. అప్పుడే బండిలో పసిపిల్ల ఏడ్చింది.

"ఆడపిల్లండీ. మన ఊరి పిల్లే," అని ఈనస్ బండి వెనక్కి తిప్పాడు.

బండి చిటికెలో ఇల్లు చేరింది. ఒబాడయా దాని వెనకే పరుగెత్తాడు. ఎంత పరుగెత్తినా అతనికీ రాయికీ అదే ఎడం. మా గోపురం కూడా అంతే దూరంలో నిలబడిపోయింది.

అతని భార్య రోజూ రాయి మీద రొట్టె పెట్టి, అవతల నిలబడ్డ మొగుణ్ణి చూసి ఏడ్చి వచ్చేది. మర్నాడు వెళ్ళేసరికి రొట్టె పెట్టింది పెట్టినట్టే ఉండేది. జాలేసింది. కానీ చేసేదేముంది?

మూడో వారం కోల్డమ్ పేదల అధికారి బండేసుకుని వచ్చాడు. ఒబాడయా కంచె కింద చిక్కి శల్యమై పడి ఉన్నాడు.

"ఏ పారిష్ నీది?"

"థర్న్‌ఫీల్డ్."

"మరి మా ఊళ్ళో చావడానికొచ్చావా? ఎక్కు, మీ హద్దులో దించేస్తా. కనబడుతూనే ఉందిగా, ఎంతసేపు?"

ఒబాడయా రాయి వంక చూశాడు. బండెక్కాడు.

ఆ పసిపిల్లకి ఇప్పుడు పెళ్ళీడు. ఆ బండి ఇంకా మా ఊరు చేరలేదు.