పేజీలో దొరికిన పాస్‌వర్డ్

ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో అందరూ ఆయన్ను తాతగారనే పిలిచేవారు. యాభై కూడా నిండలేదు గానీ తల ముగ్గుబుట్టయిపోయింది. రక్తపరీక్షల ఫలితాలు వార్డుల్లోని కంప్యూటర్లలో కనిపించే ఏర్పాటు ఎనిమిదేళ్ల కిందట ఆయన రాసిందే. దాన్ని చూసుకునే పని కొత్తగా చేరిన అమ్మాయికి అప్పగించారు.

మూడోవారంలో ఒక వార్డు పేజీ ఎందుకు నత్తనడక నడుస్తోందో చూద్దామని ఆమె దాని కోడ్ తెరిచింది. ఫలితాలు దాచే సర్వర్ పాస్‌వర్డ్ ఆ పేజీలోనే, ఎవరైనా చదువుకునేలా ఉంది. కాస్త తెలిసినవాళ్లకు రోగులందరి రిపోర్టులూ చేతికందినట్టే.

చెబితే పెద్దాయన చిన్నబుచ్చుకుంటాడు. చెప్పకపోతే తనకు ముద్ద దిగదు. మధ్యాహ్నం దాకా తటపటాయించి, చివరికి ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆ పేజీ తెరిచి, పాస్‌వర్డ్ ఉన్నచోటు ఆయనకు చూపించింది.

"నేను రాసిందేనమ్మా. రెండ్రోజుల్లో కావాలని పీకలమీద కూర్చున్నారు. తర్వాత మారుద్దాంలే అనుకున్నా. ఆ తర్వాత అనేది రానే లేదు."

"ఇప్పుడు మారుద్దామా సార్?"

"పద," అన్నాడాయన, కళ్లజోడు తుడుచుకుంటూ.

ఇద్దరూ నాలుగు రోజులు దానితో కుస్తీ పట్టారు. ఇకమీదట పాస్‌వర్డ్ సర్వర్ గడప దాటదు. నర్సు తన పేరుతో లాగిన్ అయితే, గంటసేపు మాత్రమే చెల్లే టోకెన్, అనుమతి చీటీ లాంటిది, ఒకటి వస్తుంది. పేజీ దగ్గర ఉండేది అదొక్కటే. పాత లాగిన్ల చిట్టా అంతా జల్లెడపట్టారు. బయటివాళ్లు చొరబడిన జాడ కనిపించక ఊపిరి పీల్చుకున్నారు.

శనివారం పొద్దున పాత పాస్‌వర్డ్ మార్చేశారు. అన్ని వార్డులూ పనిచేశాయి, పిల్లల వార్డు తప్ప. ఆమె ఒక్క అంగలో రెండేసి మెట్లెక్కుతూ పైకి పరుగెత్తింది. అక్కడి పెద్దనర్సు తాపీగా కుర్చీ చూపించింది. ఆ కంప్యూటర్‌ను నెలల తరబడి ఆపిన పాపాన పోలేదట. పాత పేజీ అలాగే తిష్ఠ వేసుకుని ఉంది. ఆపి మళ్లీ ఆన్ చేస్తే కొత్తది వచ్చింది. నర్సు లాగిన్ అయి, ఎదురుచూస్తున్న ఒక పాప రిపోర్టు చదివి, రక్తం పుంజుకుంటోందని వాళ్లమ్మకు చెప్పడానికి గబగబా వెళ్లిపోయింది.

కింద తాతగారు పైఅధికారికి ఉత్తరం టైపు చేస్తున్నాడు. తప్పు తనదనీ, పట్టుకున్నది ఈ అమ్మాయనీ రాశాడు. మొదటి వాక్యం తీసేయమని ఆమె బతిమాలింది.

"అది తీసేస్తే రెండోది ఎవరికీ అర్థం కాదమ్మా," అంటూ పంపించేశాడు.

ఆమె తన కుర్చీలోకి వెళ్లి, నత్తనడక నడుస్తున్న ఆ వార్డు పేజీని హాయిగా మళ్లీ తెరిచింది.