నిల్ రిపోర్టు చెల్లదు

శాంతి కోసం నాకు అర్జంటుగా ఒక శత్రువు కావలసివచ్చాడు.

ఎనభై ఆరు సెప్టెంబరు మాట ఇది. ఆ ఏడాదంతా ప్రపంచ శాంతి సంవత్సరమన్నారు. మా రైల్వే ఊళ్ళో ప్రేమ్ బజార్ అవతలి పెద్ద ఇంజనీరింగ్ కాలేజీలో శాంతి దినం చేస్తున్నారని తెలియగానే, దాని పొరుగున బిక్కుబిక్కుమంటూ బతికే మా చిన్న టెక్నికల్ కాలేజీకి కూడా మోజు పుట్టింది. పులిని చూసి నక్క వాతలు పెట్టుకోవడం మాకు అలవాటే.

మా ఆఫీసు సూపరింటెండెంటు చెన్నకేశవరావు గారు రైల్వేలో ముప్పై ఏళ్ళు చేసి, రిటైరై, మా నెత్తిన వచ్చి కూర్చున్నారు. పావురాలు ఎగరేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. ఎగిరిపోయినదానికి ఫైలు ఉండదట. అందుకని సర్క్యులర్ తీశారు. సిబ్బందిలో ప్రతివాడూ తనకు ఎవరితో వైరమో, ఎందుకో మూడు కాపీల్లో రాసివ్వాలి. మంగళవారం పదకొండింటికి జంటలుగా వేదికెక్కి చేతులు కలపాలి. ఫారం ఇవ్వనివాడికి దసరాకిచ్చే పూజా సెలవులు లేవు. అడుగున ఎర్ర సిరాతో గీత గీసి మరీ రాశారు: నిల్ రిపోర్టు చెల్లదు. శత్రువు లేడని రాయకూడదన్నమాట.

సగం కాలేజీ సంబరపడింది. హాస్టల్లో వండే సింహాచలమ్మ పదకొండు ఫారాలు నింపించుకుంది. వర్క్‌షాపులో నేర్పే సొలొమోను తన శత్రువు పోయిన చలికాలంలో చచ్చిపోయాడని, అతని అన్నగారిని పెట్టుకోవచ్చా అని అర్జీ రాశాడు. వెంటనే మంజూరైంది.

నాకే ఎవరూ లేరు. నేను స్టోర్స్ గుమాస్తాను, పేరు త్యాగరాజు. ఎవరేమన్నా నవ్వి ఊరుకునే రకం. చివరికి గణపతిరావునే అడిగాను. వాడు లైబ్రరీలో పనిచేస్తాడు. న్యూ సెటిల్‌మెంట్ పేటలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాడు. పద్నాలుగేళ్ళుగా ఇద్దరం కలిసే సైకిళ్ళ మీద వస్తున్నాం, కలిసే పోతున్నాం. వాడికీ శత్రువు దొరకలేదు. టీ కొట్టు బెంచీ మీద కూర్చుని, మనిద్దరమే వైరం పెట్టుకుంటే పోలేదా అనుకున్నాం. ఆరేళ్ళ కిందట వాడు పట్టుకెళ్ళిన నా సైకిల్ పంపు ఇంకా తిరిగి ఇవ్వలేదు. అసలది తనదేనంటాడు వాడు. ఆ ముక్కే కారణంగా రాసి, నవ్వుకుంటూ సంతకాలు చేశాం.

మర్నాడు ఫారాలు తిరిగొచ్చాయి. కారణం చాలదు, వైరం గాఢముగా లేదు, మరల సమర్పించవలెను.

ఇంకో అబద్ధం ఏదైనా అల్లుదామన్నాను నేను. గణపతిరావు టీ గ్లాసు పక్కన పెట్టి, ఫారం మోకాలి మీద పెట్టుకుని, తడుముకోకుండా రాసి నా చేతికిచ్చాడు.

'డెబ్భై తొమ్మిదిలో మా అమ్మ ఇరవై రెండు రోజులు ఆస్పత్రిలో ఉండి పోయినది. ప్రతి ఆదివారం ఆమె చేతి అన్నం తిన్న త్యాగరాజు ఒక్కరోజు కూడా చూడ రాలేదు.'

"ఇది ఇన్నేళ్ళూ మనసులో ఎట్టుకున్నావేటిరా?" అన్నాను.

"కారణం రాయమన్నారు కదా," అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ ఫారం వెంటనే పాసైంది. అన్నిటిలోకీ మంచి వైరం మీదేనయ్యా అని చెన్నకేశవరావు గారు నా భుజం తట్టి, మమ్మల్ని ఆఖరి అంశంగా పెట్టారు. నాలుగు రోజులు నేను ఒక్కణ్ణే సైకిల్ తొక్కాను. రైల్వే గేటు పడితే పక్కన మాట్లాడేవాడు లేడు. అన్నం సయించలేదు. ఏమైందని మా ఆవిడ దుర్గాంబ అడిగితే, శాంతి దినం పని ఎక్కువగా ఉందన్నాను.

మంగళవారం వచ్చింది. సింహాచలమ్మ పదకొండు సార్లు వేదిక ఎక్కి దిగి, ఆయాసంలో మైకు వాడితో కొత్త గొడవ పెట్టుకుంది. సూపరింటెండెంటు గారు దాన్ని వచ్చే ఏడాది ఖాతాలో రాసుకున్నారు. సొలొమోను చెయ్యి కలపగానే చనిపోయినవాడి అన్నగారు భోరుమన్నాడు.

ఆఖర్న మేము. చేతులు కలిపాం. ఫొటోగ్రాఫర్ మీట నొక్కాడు, ఫ్లాష్ వెలగలేదు. బ్యాటరీలకు ప్రేమ్ బజార్ పంపించారు. ఫొటో పడకుండా చేతులు వదిలితే కలిపినట్టు రికార్డు కాదని, అలాగే ఉండమని చెన్నకేశవరావు గారు ఆర్డరు వేశారు. ఇరవై నిమిషాలు ఊరందరి ముందూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడ్డాం. అరచేతులు చెమటలు పట్టాయి. ఇక ఆపుకోలేకపోయాను.

"ఆస్పత్రి గేటు దాకా వచ్చినాన్రా. సైకిల్‌కి తాళం కూడా ఏసినాను. ఆవిణ్ణి అలా మంచం మీద సూడలేక ఎనక్కెళ్ళిపోయినాను. రోజూ వచ్చినాను, రోజూ ఎళ్ళిపోయినాను."

గణపతిరావు జనం వైపే చూస్తున్నాడు.

"తెలుసు. అమ్మ మంచం కిటికీ పక్కనే. నువ్వు తాళం ఏసి తియ్యడం ఇద్దరం సూసేవోళ్ళం. ఈయాల లోపలికొస్తాడ్రా అని జడేసుకుని కూకునేది."

అప్పుడే ఫ్లాష్ వెలిగింది. ఆ ఫొటో మా ఆఫీసు హాల్లో చాలా ఏళ్ళు ఉంది. అందులో నా మొహం చూసి, శాంతి అంటే ఇదీ అని ప్రిన్సిపాల్ గారు వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు.

వేదిక దిగాక వైరం సమసినది అని ఇద్దరం సంతకం పెట్టాలి. గణపతిరావు పెట్టాడు. జడేసుకుని కిటికీ పక్కన కూర్చున్న వాళ్ళమ్మే కళ్ళ ముందు ఉంటే నేను పెట్టలేకపోయాను. పూజా సెలవులు పోతాయని హెచ్చరించినా చెయ్యి రాలేదు. సెలవులు పోయాయి కూడా.

సాయంత్రం స్టాండులోకి వెళితే నా సైకిల్ వెనక చక్రంలో గాలి లేదు. గణపతిరావు ఆ పంపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. గాలి తీసింది వాడేనేమో, నేను అడగలేదు. చక్రం పక్కన కూర్చుని వాడే గాలి కొట్టాడు, గట్టిపడిందో లేదో వేలితో నొక్కి చూశాడు, పంపు మళ్ళీ తన సైకిల్‌కే తగిలించుకున్నాడు. అది నీదేరా అన్నాను.