సముద్రానికి మంచినీళ్ళు

కొమరోలులో ఇంట్లో సముద్రం పెట్టుకున్నది మేమొక్కళ్ళమే. ఇందులో నా ప్రమేయం ఏమీ లేదని ముందే చెబుతున్నాను. మా ఆయన జాకబ్‌కు గిద్దలూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. స్పేర్ పార్టులు తెస్తానని చెన్నై వెళ్ళిన మనిషి, రెండు నారింజరంగు చేపల్నీ, పువ్వులా విచ్చుకునే ఒక సముద్రపు ప్రాణినీ నీళ్ళ సంచుల్లో పెట్టుకొని బస్సు దిగాడు. చేపలు ఆ పువ్వులోనే కాపురం ఉంటాయట. మా పెళ్ళి ఫొటో తీసేసి, ఆ గోడకు అద్దాల తొట్టి పెట్టాడు.

నాకు ఒళ్ళు మండింది అందుక్కాదు. మా బోరు నీళ్ళు తాగితే పళ్ళకు గార పడుతుంది, ఎముకలు వంగుతాయి. అందుకని తిన్నా తినకపోయినా, ప్లాంటులో ఉప్పు తీసేసిన క్యాను నీళ్ళు కొని తాగుతాం. జాకబ్ ఆ క్యాన్లే తెచ్చి తొట్టిలో పోసి, అందులో మళ్ళీ కొనుక్కొచ్చిన ఉప్పు కలిపాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. పక్కింటి మాలకొండయ్య మామ గుమ్మంలో నిలబడి అదంతా చూసి, విడిచిన చెప్పులు వేసుకోవడం కూడా మరిచి, చేత్తో పట్టుకొని వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు తొట్టిలో నీళ్ళు పెరగడం మొదలైంది. మా ఎండలకు నీళ్ళు తగ్గాలి. ఇవి సాయంత్రానికి అంచు దాటి బండల మీదికి కారేవి. జాకబ్ ఉప్పు కొలిచే గాజు గొట్టం నీళ్ళలో ముంచి చూసి, ఉప్పు తగ్గిందని కలిపేవాడు. మర్నాడు సాయంత్రానికి మళ్ళీ తగ్గేది. పువ్వు ముడుచుకుపోయి నిమ్మకాయంత అయింది. చేపలు పక్కకు ఒరిగి ఈదుతున్నాయి. ఇవి పోతే మళ్ళీ ఏ ప్రాణినీ ఇంటికి తేనన్నాడు జాకబ్, అన్నం కూడా సరిగా తినలేదు. నాకు జాలేసింది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మూడు పూటలా తిన్నాడు కదా అని కోపమూ వచ్చింది.

ఊళ్ళో మాత్రం జాకబ్ ఇంట్లో సముద్రం ఊరుతోందని కబురు పాకింది. పాస్టరు రాజరత్నం గారు వచ్చి, ఎప్పుడూ నీళ్ళలో మునిగే ఉండే ఆ చేపలకు ఏమని ప్రార్థించాలో తోచక, వానల కోసం ప్రార్థించి వెళ్ళారు. మూడు బోర్లు వేసి మూడూ ఎండిన మాలకొండయ్య మామ, నీళ్ళ జాడ చూసే కోటయ్యను పిలుచుకొచ్చాడు. కోటయ్య అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకొని మా హాల్లో నడిచాడు. తొట్టి ముందుకు రాగానే కాయ నిట్టనిలువునా లేచింది. ఇక్కడ నీళ్ళున్నాయని తేల్చాడు. కనబడుతూనే ఉన్నాయి కదా అన్నాను. కనబడేవి లెక్కలోకి రావన్నాడు.

ఆ ఆదివారం ఇద్దరం చర్చికి బయలుదేరాక, బైబిలు మరిచిపోయి నేను వెనక్కి వచ్చాను. నడవలేక ఇంట్లోనే ఉండే మా అత్త అన్నమ్మ ఒక చేత్తో గోడ పట్టుకొని, ఇంకో చేత్తో చెంబెడు క్యాను నీళ్ళు తొట్టిలో పోస్తోంది.

మా అత్త సంగతి ఊరందరికీ తెలుసు. గడప తొక్కింది కరెంటు బిల్లు తెచ్చే మనిషైనా సరే, ముందు మంచినీళ్ళ చెంబు చేతికిచ్చి, తర్వాతే ఏం పని మీద వచ్చావని అడుగుతుంది. అంత దూరం నుంచి వచ్చిన వాటికి కొడుకు ఉప్పునీళ్ళు పోశాడని ఆమెకు తల కొట్టేసినట్టయిందట. మేం పనులకు పోగానే, రోజూ ఓపికున్నన్ని చెంబులు పోస్తోందట.

జాకబ్‌ను కేకేశాను. వచ్చి చూసి తల్లి మీద అరిచాడు. అరిచినందుకు తనే సిగ్గుపడి, గొంతు తగ్గించాడు.

“అమ్మా, అవి ఉప్పునీళ్ళల్లోనే పుట్టినయ్యి. వాటికి ఆ నీళ్ళే అలవాటు. ఏం గాదు.”

అత్త వంకర తిరిగిన మోకాళ్ళను చేతులతో ఒక్కొక్కటే సర్దుకొని బండల మీద కూర్చుంది.

“మాకు గూడా అట్లనే చెప్పినారు నాయనా,” అంది.

కానీ చేపలు ఒరిగిపోతున్నాయి, ఉప్పు కలపక తప్పదు. జాకబ్ తల్లికి కనబడకుండా తొట్టికి అడ్డంగా నిలబడి, కొంచెం కొంచెంగా, మధ్యాహ్నం దాకా కలుపుతూనే ఉన్నాడు.