ఒక్క చెంబు నీళ్ళు

పైరు పొట్ట మీదున్న రోజుల్లో వాతావరణ ఆఫీసరు వచ్చి తూముకు తాళం వేశాడు. పట్టపగలు, రైతులంతా చూస్తుండగా వేశాడు. మూడు వందల ఎకరాలు తాగే కాలవ అది. జనం కాళ్ళావేళ్ళా పడ్డారు. చినుకు చూసి నెలన్నరయిందనీ, ఇంకో ఐదు రోజులు తడి లేకపోతే వెన్నులన్నీ తాలేననీ మొత్తుకున్నారు. కాగితంలో ఉన్నదే చేస్తున్నాను, వేలిముద్రలు మీరే వేశారు కదా అన్నాడాయన. చిన్నల్లుడి మడిలో నిలవ నీరు దొరికిందట.

గుంపు వెనక నిలబడి పెద్దల్లుడు ఇదంతా చూశాడు. ఆ నీరు ఎక్కడిదో ఊరు మొత్తానికీ అతనొక్కడికే తెలుసు. పోసింది అతనే.

ఎందుకు పోశాడంటే, ఓర్వలేక. దానికి ఇంకో పేరు పెట్టడం దేనికి? వాళ్ళిద్దరూ ఒకే ఇంటి అల్లుళ్ళు, అక్కచెల్లెళ్ళ మొగుళ్ళు. మామగారు పొలం పంచినప్పుడు తూము పక్క నల్లరేగడి చిన్నవాడికీ, కాలవ చివరి ఇసుక నేల పెద్దవాడికీ వచ్చాయి. చీట్లేసే పంచారు. అయినా కడుపుమంటకు చీట్లతో పనేముంది? చిన్నవాడి గేదె ఈనినా, చిన్నవాడి పైరు పచ్చగా కనబడినా పెద్దవాడికి ఆ పూట ముద్ద దిగేది కాదు.

ఆ మంటను సర్కారు ఎగదోసింది. వరిమళ్ళలో నిలిచిన నీటినుంచి చెడ్డ గాలి పుట్టి భూమి వేడెక్కుతోందనీ, ఇకనుంచి మడి తడిపి, ఆరబెట్టి, మళ్ళీ తడపాలనీ ఆఫీసరు చెప్పాడు. ఒక్కో మడిలో గట్టు వారగా చిల్లుల గొట్టం పాతించాడు. గొట్టంలో నీరు జానెడు లోతుకు దిగాకే కొత్త తడి పెట్టాలి. బాగా పాటించినవాడి పొలానికి ఆకుపచ్చ బోర్డు. ఆ ఏడు బోర్డు ఎవరికొచ్చిందో వేరే చెప్పాలా? చిన్నల్లుడి భుజం తట్టి ఆఫీసరు ఫొటో దిగుతుంటే, పెద్దల్లుడి కళ్ళు ఆ భుజం మీదే ఉండిపోయాయి. సరిగ్గా అప్పుడే గుమాస్తా చదివి వినిపించిన షరతు అతని చెవిన పడలేదు. తనిఖీలో ఒక్క గొట్టంలో నీరు నిలిచినా కాలవ మొత్తం బంద్. ఆ కాగితం కిందే ఊరంతా వేలిముద్రలు వేసింది.

బోర్డు ఊడితే చాలనుకున్నాడు పాపం. తనిఖీ రోజు పొద్దున్నే తోడల్లుడి గొట్టం పైకి లాగి, చిల్లులకు ఆ గుంత అడుగున ఉన్న తడి బంకమట్టి మెత్తి, మళ్ళీ దించి, చెంబెడు నీళ్ళు పోసి వచ్చాడు. చుట్టూ మడి అంతా ఆరి గట్టిపడి ఉంది. ఆఫీసరు గట్టు దిగితేగా! వంగి గొట్టంలోకి ఫోను పెట్టి ఫొటో తీసుకున్నాడు, అంతే.

సాయంత్రం ధాన్యం గోదాంలో మీటింగు పెట్టారు. చిన్నల్లుణ్ణి మధ్యలో నిలబెట్టి దులిపేశారు. దొంగతడి పెట్టాడన్నారు, బోర్డు వచ్చాక కళ్ళు నెత్తికెక్కాయన్నారు. ఒకడు చెయ్యి కూడా ఎత్తాడు. నేను పెట్టలేదన్న ఒక్క మాటే చిన్నవాడు మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. పెద్దల్లుడు పదేళ్ళుగా కోరుకున్న దృశ్యమే ఇది. తీరా కళ్ళ ముందు జరుగుతుంటే చూడలేక సిగ్గుతో చచ్చిపోయాడు.

అంతలో అతని పెళ్ళాం వచ్చి ఎదురుగా నిలబడింది.

"పొద్దున నీ మోచేతులదాకా బంకమట్టి ఉంది. మనది ఇసుక నేల కదయ్యా."

జనం చిన్నవాణ్ణి వదిలి ఇటు తిరిగారు.

"నేనే పోశాను," అన్నాడు పెద్దల్లుడు. "వాడి బోర్డు చూసి ఓర్వలేకపోయాను."

జనం అతని మీద పడ్డారు. చొక్కా చిరిగింది, నాలుగు తగిలాయి. ఆపింది చిన్నవాడే.

"అడిగితే ఆ రేకుముక్క నేనే పీకి నీ గుమ్మానికి కొట్టేవాణ్ణి కదా అన్నయ్యా."

దెబ్బలకంటే ఆ మాటే ఎక్కువ మండింది.

"ఈయన చేసింది వెధవ పని. ఇంటికెళ్ళాక నా వంతు నేను చూసుకుంటా," అంది పెద్దల్లుడి పెళ్ళాం జనం వైపు తిరిగి. "చెంబెడు నీళ్ళకి మూడు వందల ఎకరాలు ఎండగట్టే తాళం వాళ్ళ చేతికిచ్చింది ఎవరు? మనం కాదూ?"

ఊళ్ళోంచి సిమెంటు ఫ్యాక్టరీ పనికి వెళ్ళే కూలీ ఒకడు లేచాడు. చిన్నల్లుడి పొలం ఫొటో తమ గేటుకు నిలువెత్తున కట్టారని చెప్పాడు. ఇక్కడ రైతులు తగ్గించిన చెడ్డ గాలిని తన లెక్కలో చూపించుకుని యజమాని ఇంకో బట్టీకి అనుమతి తెచ్చుకున్నాడట. ఆ పొగ కూలీలు పీలుస్తున్నారు. బట్టీకి మాత్రం ఏ ఆఫీసరూ గొట్టం పెట్టలేదు.

గొట్టాలన్నీ పీకి పారేద్దామన్నారు కొందరు. చిన్నల్లుడు ఒప్పుకోలేదు. ఎండలు ముదిరాయనీ వానలు వేళ తప్పాయనీ మనకంటే ఎవరికి తెలుసన్నాడు. ఆరబెడితే దిగుబడి తగ్గలేదు, నీళ్ళూ మిగిలాయి. పద్ధతి మంచిదే, చెడ్డది తాళం. మన మళ్ళు మనమే కొలుచుకుందాం, వాళ్ళ బట్టీని కొలిపిద్దాం అన్నాడు. అంతా సరేనన్నారు. ఆ మాట తనకు తట్టనందుకు పెద్దల్లుడికి మళ్ళీ కలుక్కుమంది. ఏం చేస్తాం, పుట్టుకతో వచ్చిన బుద్ధి!

మర్నాడు పొద్దెక్కేసరికి ఊరంతా తూము దగ్గరుంది. పోలీసు జీపూ వచ్చింది. తాళం ముట్టుకుంటే లోపలేస్తామన్నాడు ఇనస్పెక్టరు. పెద్దల్లుడు గడ్డపార పట్టుకుని ముందుకు నడిచాడు. మూడు పోట్లకు తాళం ఊడింది. తుప్పు పట్టిన చక్రం తిప్పబోతే బలం చాలలేదు. పక్కనుంచి రెండు చేతులొచ్చి పట్టుకున్నాయి, చిన్నవాడివి. వెనకనుంచి ఇంకా చేతులొచ్చాయి. తూము తలుపు లేచింది.

ఎవడ్రా పగలగొట్టిందని ఇనస్పెక్టరు అడిగితే, పెద్దల్లుడు తానొక్కడేనన్నాడు. కాదు, నేనూ ఉన్నానన్నాడు చిన్నవాడు.

"ఈ ఒక్కటైనా నాకు వదిలెయ్యవేంట్రా," అన్నాడు పెద్దల్లుడు పళ్ళు నూరుతూ.

ఇద్దరికీ సంకెళ్ళు వేసి జీపెక్కించారు. జీపు కాలవగట్టు వెంట పోతోంది. తూము పక్క మడి రాగానే పెద్దల్లుడు అలవాటుగా అటే చూశాడు. కాలవనుంచి మడిలోకి నీరు తీసే మడవలోంచి చుక్క కూడా లోపలికి పోవడం లేదు. చిన్నల్లుడి పెళ్ళాం ఆకుపచ్చ బోర్డును మడవకు అడ్డంగా నిలిపి మట్టి తొక్కుతోంది. కాలవ నీళ్ళన్నీ ఆ మడిని దాటుకుని చివరి ఇసుక నేలల వైపు పరిగెడుతున్నాయి. ముందు తడి చివరివాళ్ళకేనని రాత్రి ఇంట్లో అనుకున్నామన్నాడు చిన్నవాడు, అదేదో మామూలు సంగతన్నట్టు. పెద్దల్లుడు సంకెళ్ళ చేతులతోనే అతని చెయ్యి పట్టుకున్నాడు.

వెనక ఒక్కరూ ఇంటిదారి పట్టలేదు. బంకమట్టి మెత్తిన ఆ గొట్టాన్ని భుజాన వేసుకుని పెద్దల్లుడి పెళ్ళాం ముందు నడుస్తోంది. ఊరంతా ఆమె వెంట ఫ్యాక్టరీ దారిలో నడుస్తోంది.