బిగించాక మిగిలిన ముక్క

ఆ వీధిలో అందరూ అతన్ని ఇంజినీరు అనేవారు. చదివి కాదు. ఏ వస్తువు కంటబడినా విప్పకుండా ఉండలేడు, విప్పినదాన్ని బిగించాక చేతిలో ఏదో ఒక ముక్క మిగలకుండా ఉండదు. అక్క మిక్సీ విప్పితే రబ్బరు చుట్ట మిగిలింది. గోడగడియారం విప్పితే రెండు స్క్రూలు మిగిలాయి. "ఏం పర్లేదక్కా, కంపెనీవాళ్ళే ఎక్కువ వేస్తారు," అని వాటిని ఓ డబ్బాలో పడేసేవాడు. ముప్పై దాటిన మనిషి, పెళ్ళీ పెటాకులూ లేవు, అక్కాబావల ఇంట్లో తింటూ బావ దగ్గరే పని చేస్తున్నాడు. మంచివాడే పాపం, ఆ చేతులే ఊరుకోవు.

బావ బోర్డు పెయింటరు. ఊరంతా ఫ్లెక్సీలు వేలాడుతున్నా, బావ చేతిరాతే కావాలని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఇంకా మిగిలి ఉన్నారు. మనిషెత్తు అక్షరాన్ని కూడా ఊపిరి బిగబట్టి ఒక్క గీతలో లాగేస్తాడు. లాగేముందు ఎడమకన్ను మూసి, కుడికంటితో ఆ దారి వెంట ఒక్కసారి చూసుకుంటాడు. అంతే, ఇక స్కేలూ అక్కర్లేదు, దారమూ అక్కర్లేదు. బావమరిది రాసిన అక్షరాల్ని మాత్రం చివర్లో తనే దిద్దుతాడు. నోరెత్తి ఏమీ అనడు. ఓ సన్నకుంచె తీసి, అక్కడో వంపు ఇక్కడో తలకట్టు సరిచేసి, కుంచె కడిగి జేబులో పెట్టుకుంటాడు. ఆ సన్నకుంచెను ఇంకొకరి చేతికి ఇచ్చిన పాపాన పోలేదు. అది ఒక్కసారి తన చేతికిస్తే చాలునని ఇంజినీరుకు ఎన్నాళ్ళనుంచో ఆశ.

పెద్ద గోడల మీద పని వేరు. పరంజా ఎక్కి గోడకు ముక్కు ఆనించి నిలబడ్డవాడికి అక్షరం మొత్తం కనబడదు. రోడ్డు అవతల ఒకడు నిలబడి ఎక్కడ వంకర పోయిందో చెప్పాలి. బస్సుల మోతలో ఇంజినీరు అరిచి అరిచి గొంతు పోగొట్టుకునేవాడు. చివరికి పేవ్‌మెంటు మీద తాళాలూ టార్చిలైట్లూ అమ్మేవాడి దగ్గర చవగ్గా వస్తుంటే ఓ పచ్చ లేజరు పెన్ను కొన్నాడు. వంకర ఉన్నచోట చుక్క పెడితే బావ తలూపి దిద్దుకునేవాడు. భలే కుదిరింది గానీ, ఎండ గోడమీదకి వచ్చిందంటే ఆ చుక్క మాయమయ్యేది.

"ఏదోయ్ ఇంజినీరూ నీ చుక్క? భూతద్దం పెట్టి వెతుక్కోమంటావా?" అని బావ పరంజా మీంచి వేళాకోళం చేశాడు. పక్కనున్న కూలీలు పకపకా నవ్వారు. మనవాడికి రోషం పొడుచుకొచ్చింది.

ఆ సాయంత్రమే ఫోనులో లేజరు వెలుగు పెంచే వీడియో ఒకటి వెతికి పట్టుకున్నాడు. అందులో ఎవరో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ముందు పెద్ద ఉపన్యాసం మొదలెట్టాడు. ఈ సోదంతా ఎవడు వింటాడులే అనుకుని వేలితో ముందుకు జరిపేశాడు. స్క్రూడ్రైవరు కనబడినచోట ఆపాడు. పెన్ను విప్పితే లోపల ఇత్తడి గొట్టం, దాని వెనక ఆవగింజంత మర. ఆ మర తిప్పితే కరెంటు ఎక్కువ పారుతుంది, వెలుగు పెరుగుతుంది. తిప్పాడు. గొట్టం ముందువైపు ఓ గాజుముక్క అడ్డంగా అతికించి ఉంది. వెలుగు పోయే దారిలో ఈ అడ్డమేమిటని గుండుసూదితో దాన్ని పీకేశాడు. మీట నొక్కి గోడకు వేలాడుతున్న నల్ల ప్లాస్టిక్ కవరు మీద పెడితే, కాసేపటికి సన్నగా పొగ లేచి చిల్లు పడింది.

అప్పుడైనా ఆగాలా వద్దా? కవరుకు చిల్లు పెట్టేది కంటినేం చేస్తుందని ఒక్క క్షణం ఆలోచించాలా వద్దా? అబ్బే. చిన్నపిల్లాడిలా గంతులేశాడు. పెన్ను బిగించేశాడు. ఈసారి మిగిలింది పెసరగింజంత ఆ గాజుముక్క. దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

మర్నాడు ఫర్నిచరు దుకాణం గోడ. బావ రాసే అక్షరాల చుట్టూ అద్దంలా మెరిసే స్టీలు పట్టీ బిగించే పని వెల్డరుది. ఆ వెల్డరు బావకు ప్రాణస్నేహితుడు, ఇద్దరి షెడ్లూ ఎదురెదురు. పరంజాకి ఆ చివర వెల్డరు ముసుగేసుకుని అతుకు వేస్తున్నాడు, ఈ చివర బావ కుంచె పట్టుకుని ఉన్నాడు. ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఇంజినీరు రోడ్డు అవతలనుంచి మీట నొక్కాడు. చుక్క పట్టపగలు కూడా పచ్చగా నిలబడింది.

"ఓహో! ఇవాళ కనబడుతోందోయ్!" అని బావ కేకేశాడు.

ఆ మెప్పుకి పొంగిపోయి చుక్కని ఊరికే ఇటూ అటూ తిప్పాడు. అది జారి స్టీలు పట్టీ మీద పడింది. బావ "అబ్బా!" అని కుడికంటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఇంజినీరు పరుగెత్తుకెళ్ళాడు. జరిగిందేమిటో అతనికి తెలుసు. చుక్క ఎక్కడ పడిందో తన కళ్ళారా చూశాడు. కానీ నిచ్చెన కిందకి చేరేసరికి నోట్లోంచి వచ్చిన మాట ఇది: "వెల్డింగు వెలుగు చూశావా ఏంటి బావా?"

"అంతే అయ్యుంటుంది," అన్నాడు బావ కళ్ళు నులుముకుంటూ.

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట! ఎవరూ నేర్పలేదు, ముందుగా అనుకున్నదీ కాదు. దాన్ని వెనక్కి లాక్కోవడానికి మాత్రం ఎంత గింజుకున్నా నోరు పెగల్లేదు.

కంటి డాక్టరు చుక్కలు వేసి, లోపలికి వెలుగు కొట్టి చాలాసేపు చూసింది. కంటి వెనక తెర మీద, సరిగ్గా నడిమధ్య కాలిన మచ్చ ఉందంది. "వెల్డింగు వల్లయితే సాధారణంగా రెండు కళ్ళూ మండుతాయి, రెండుమూడు రోజుల్లో సర్దుకుంటాయి. ఇదలా లేదు. లేజరు లాంటిదేమైనా తగిలిందా?"

"లేజరా? మావాడి దగ్గరో ఆటపెన్ను ఉందిలెండి, పిల్లలాడుకునేది," అని బావ నవ్వాడు.

డాక్టరు ఇంజినీరు వైపు తిరిగింది. "అదెలాంటిది?"

"చాలా చిన్నదండీ. ఎండలో ఆ చుక్క కనబడనే కనబడదు," అన్నాడు.

మొదటిది భయంలో జారిన మాట అనుకుందాం. మరి ఇది? ఇది నిలబడి, ఆలోచించి, డాక్టరు మొహం చూస్తూ ఆడిన అబద్ధం. అయితే వెల్డింగు వెలుగునే మరీ సూటిగా చూసి ఉండాలి, మచ్చ కొంత తగ్గొచ్చు, తగ్గకపోనూవచ్చు, రెండో కన్ను జాగ్రత్త అని చెప్పి ఆమె మందులు రాసిచ్చింది.

ఇంటికొచ్చాక స్నానాలగదిలో గడియ పెట్టుకుని, ఆ వీడియోలో తను జరిపేసిన ముక్క విన్నాడు. పచ్చవెలుగుతో పాటు కంటికి కనబడని ఇంకో వెలుగు కూడా అందులోంచి వస్తుందట. దాన్ని ఆపడానికే ఆ గాజుముక్క. కనబడదు కాబట్టి రెప్ప కూడా దానికి అడ్డుపడదు, దయచేసి ఆ గాజును మాత్రం తీయకండి, అని ఆ నల్లకళ్ళద్దాలవాడు చేతులెత్తి దణ్ణం పెట్టి మరీ చెప్పాడు. ఇంజినీరు బకెట్టు మీద కూలబడ్డాడు. బయటనుంచి అక్క తలుపు కొట్టి, "లోపలే కాపురం పెట్టావా ఏంట్రా?" అని అరిచింది.

బావ కుడికంటి ముందు బూడిదరంగు మచ్చ కుదురుకుంది. ఎటు చూస్తే అటే. సూటిగా చూసినది కనబడదు, దాని చుట్టుపక్కలది కనబడుతుంది. మనిషి మొహం చూడాలంటే చెవి వైపు చూడాలి. రెండుసార్లు గీత లాగబోయి, రెండుసార్లూ గుడ్డతో తుడిచేశాడు. మూడోసారి కుంచె ముట్టలేదు.

ఆ కడుపుమంట అంతా వెల్డరు మీదకి మళ్ళింది. నడివీధిలో నిలబెట్టి, "నీ కళ్ళకి ముసుగేసుకున్నావు సరే, పక్కనున్నవాడికి ఒక్క మాట చెప్పాలని లేదట్రా? నా నోటి దగ్గర కూడు లాగేశావు కదరా!" అని దులిపేశాడు. వెల్డరు తలెత్తలేదు. ఇంట్లో అక్క సంగతి చెప్పనే అక్కర్లేదు. "వాడి చేతులు పడిపోను," అని శాపనార్థాలు పెడుతూనే తమ్ముడి కంచంలో ఇంకో గరిటె వడ్డించేది. "నువ్వెందుకురా ఇలా చిక్కిపోతున్నావు? బావ గురించి బెంగా? పిచ్చి సన్నాసీ, తిను." చెబితే ఈ చేత్తో ఇక అన్నం పెట్టదు. చెప్పకపోతే ఈ అన్నం లోపలికి పోదు. తల్లి పోయాక ఎత్తుకుని పెంచిన అక్క మొహంలోకి చూడ్డమే మానేశాడు.

ఒకరోజు పొద్దున వెల్డరు ఓ రేకు చంకన పెట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. బావ మూలన కుర్చీలో కూర్చుని మొహం గోడకు తిప్పుకున్నాడు. వెల్డరు ఇంజినీరుతోనే మాట్లాడాడు, కానీ ఆ మాటలన్నీ మూలకి వినబడేట్టు.

"దీనిమీద పెద్దక్షరాలతో రాసిపెట్టు బాబూ. 'వెల్డింగు జరుగుతోంది, ఇటు చూడవద్దు' అని. చుట్టూ మందపాటి పరదాలు కూడా కడుతున్నా. నావల్ల ఒక కన్ను పోయింది. ఇంకొకళ్ళది పోకూడదు." రేకును గచ్చుమీద దించాడు. "రాత్రిళ్ళు పడుకుంటే మీ బావే కనబడుతున్నాడు. ఆ చివర ఉన్నాడని తెలుసు నాకు. ఒక్క కేక వేసుంటే సరిపోయేది."

ఇంజినీరు మూల వైపు చూశాడు. "పని పనే. రాసివ్వు," అన్నాడు బావ, గోడతో చెబుతున్నట్టు.

రేకును స్టాండుకి ఆనించి రాయడం మొదలెట్టాడు. వెల్డరు అక్కడే నిలబడి చూస్తున్నాడు. మొదటి వరుస ఎలాగో గట్టెక్కింది. 'ఇటు' కూడా అయింది. 'చూడవద్దు' దగ్గరికొచ్చేసరికి కొమ్ము గీత సర్రున పక్కకి జారిపోయింది. కుంచె కిందపడింది. జేబులో చెయ్యి పెట్టి, ఆ గాజుముక్క తీసి, రంగుడబ్బా మూత మీద పెట్టాడు.

"ఇదేంటి?" అన్నాడు వెల్డరు.

"ఈసారి బిగించాక మిగిలిన ముక్క. లేజరు పెన్నులోది. వెలుగు పెరుగుతుందని నేనే పీకేశా. ఆ చుక్క నీ పట్టీ మీద పడి బావ కంట్లోకి కొట్టింది. నేను చూశా. చూసి కూడా నీమీదకి తోసేశా. డాక్టరమ్మ అడిగితే అక్కడా అబద్ధం ఆడా. నువ్వేం చెయ్యలేదన్నా. నీ తప్పు ఆవగింజంత కూడా లేదు."

వెల్డరు గాజుముక్క వైపూ ఇంజినీరు వైపూ మార్చిమార్చి చూశాడు.

"అయితే నేను కాదా?" అన్నాడు. "నిజంగా నేను కాదా?" అని ఆ రేకు పక్కనే గచ్చుమీద చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. అంత లావు మనిషి.

బావ లేచాడు. ఇంజినీరు చెంప చూపించుకుని నిలబడ్డాడు. బావ తనని కొట్టాలని ఎంత కోరుకున్నాడో! బావ అతన్ని దాటిపోయి వెల్డరు పక్కన వంగాడు. "లేవరా. అనరాని మాటలన్నాను. లే," అని జబ్బ పట్టి లేపి తన కుర్చీలో కూర్చోబెట్టాడు. తర్వాత గాజుముక్కను వేలికొనతో తడిమి చూసి, మళ్ళీ మూత మీదే పెట్టాడు.

"కొట్టు బావా," అన్నాడు ఇంజినీరు. "ఏదో ఒకటి అను."

బావ అలవాటుగా జేబులోంచి సన్నకుంచె తీసి, రంగులో ముంచి, రేకు మీదకి వంగాడు. ఎడమకన్ను మూశాడు. జారిపోయిన గీత కోసం మొహం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. కుంచె మొన గాలిలోనే ఆగిపోయింది. దాని చివరనుంచి ఓ రంగుబొట్టు రాలి గచ్చుమీద పడింది.

ఎడమకన్ను తెరిచి, కుంచెను బావమరిది ముందుకు చాపాడు.

"కుడికంటికి గీత దొరకట్లేదు. ఎడమకంటికి చెయ్యి అలవాటు కాలేదు. నువ్వే దిద్దు."

ఆ కుంచె ఒక్కసారి తన చేతికొస్తే చాలునని ఇన్నేళ్ళు ఆశపడ్డవాడు, చెయ్యి చాపలేక అలాగే నిలబడిపోయాడు.